తల్లిని చూసి పిల్లను: జాతి కుక్కపిల్లను ఎక్కడ కొనాలి?

(హైదరాబాద్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం సభలో పశువైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, కాలనీ పెద్దలకు, సెలవు రోజున ఆటలు మానుకొని వచ్చి ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

కుక్కను తెచ్చుకున్న తరువాత ఎలా పెంచాలో చెప్పమని పిలిచేవారు చాలామంది ఉంటారు. తెచ్చుకోకముందు ఏం చూడాలో చెప్పమని అడగడం అరుదు. మీ సంఘం ఆ పని చేసినందుకు సంతోషంగా ఉంది. మా వద్దకు వచ్చే పసికుక్కల జబ్బులలో చాలా భాగం ఇంటికి వచ్చాక అంటుకున్నవి కావు, కొన్నచోటి నుంచి వెంట వచ్చినవే. కొన్ని మూడో రోజున బయటపడతాయి, కొన్ని మూడో ఏట బయటపడతాయి, అంతే తేడా.

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని మనవాళ్లు సంబంధాలు కుదిర్చేటప్పుడు అంటుంటారు. పెళ్లి సంబంధాల సంగతి ఎలా ఉన్నా, కుక్కపిల్లల విషయంలో మాత్రం అంతకు మించిన సలహా లేదు. పిల్ల ముద్దుగా ఉందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు, ఐదారు వారాల వయసులో ముద్దుగా లేని కుక్కపిల్ల ఉండదు. అది ఏ తల్లికి పుట్టింది, ఎలాంటి చోట పెరిగింది, దానిని అమ్ముతున్న మనిషి ఎలాంటివాడు అన్నవే ప్రశ్నలు.

సాధారణంగా మన ఇళ్లలో జరిగేది వేరు. పిల్లవాడి పుట్టినరోజు దగ్గర పడుతుంది, ఫలానా జాతి కుక్కే కావాలని వాడు పట్టుబడతాడు, తండ్రి రాత్రంతా ఫోనులో వెతుకుతాడు, ఆదివారం మధ్యాహ్నానికల్లా ఏదో దుకాణంలో గాజు పెట్టెలో ఉన్న పిల్లను ముర్గీచౌక్‌లో పావురాన్ని బేరమాడినట్టు బేరమాడి తెచ్చేస్తారు. దాని తల్లి ఎక్కడ ఉందని అడిగితే, "మా ఫామ్‌లో ఉంది సార్, ఊరికి చాలా దూరం" అన్న సమాధానం వస్తుంది. ఫామ్ ఉన్నమాట నిజమే కావచ్చు. అయితే ఆ పిల్ల మరెక్కడో పుట్టి, ఒక మధ్యవర్తి చేతి నుంచి మరో మధ్యవర్తి చేతికి మారి, ఇంకో నాలుగు ఈతల పిల్లలతో ఒకే బోనులో ప్రయాణం చేసి, ఐదో వారానికే ఆ గాజు పెట్టెకు చేరి ఉండే అవకాశం కూడా అంతే ఉంది. అమ్మేవాడికే తెలియని సంగతిని మనం అడిగి తెలుసుకోలేము.

ఈ ప్రయాణం ఎందుకు ప్రమాదకరమో కొంచెం వివరంగా చెప్పాలి. తల్లి ముర్రుపాలతో పిల్లకు వచ్చిన రోగనిరోధక శక్తి ఆరో వారం మొదలు పదహారో వారం లోపల క్రమంగా తగ్గిపోతుంది. అది ఉన్నంతకాలం టీకా సరిగా పనిచేయదు, అది పోయాక టీకా పట్టేదాకా రక్షణ ఉండదు. ఆ సందులోనే పార్వో వైరస్ దూరుతుంది. ఒంట్లోకి వచ్చాక సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులలో, ఒక్కొక్కసారి రెండు వారాలకు, వాంతులు, దుర్వాసనతో కూడిన రక్త విరేచనాలు మొదలవుతాయి. అంటే ఆదివారం చెంగుచెంగున గెంతుతూ ఇంటికి వచ్చిన పిల్ల గురువారానికి సెలైన్ ఎక్కించుకునే స్థితికి రావచ్చు. అమ్మినవాడు "మా దగ్గర బాగానే ఉందండీ, మీరేదో పెట్టి ఉంటారు" అంటాడు, ఇంట్లోవాళ్లు ముందురోజు పెట్టిన పెరుగన్నాన్ని తలచుకొని తమనే తిట్టుకుంటారు. పెరుగన్నం తప్పేమీ లేదు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది, మనం రోజూ వాడే ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ ద్రావణానికి లొంగుతుంది. అందుచేత ఒక పిల్ల పార్వోతో పోయిన ఇంటికి, బాధ మరచిపోవడానికని, వెంటనే ఇంకొక పిల్లను తీసుకురావద్దు. మీకు ఎంత మంచిచోట దొరికినా సరే, మీ వైద్యుడిని అడిగిన తరువాతే తీసుకురండి.

ఈ వ్యాపారానికి చట్టం లేకపోలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల బ్రీడింగ్, అమ్మకాలకు నియమాలు తెచ్చింది, 2018లో పెట్ షాపులకు వేరుగా నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవారు, వారి దగ్గర కొని తిరిగి అమ్మే దుకాణదారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేముందు టీకా వేయించి, మైక్రోచిప్, అంటే గుర్తింపు నంబరు ఉండే చిన్న చిప్, చర్మం కింద పెట్టించాలి. తల్లికుక్కను 18 నెలల వయసు రాకముందు క్రాసింగ్ చేయించకూడదు, ఎనిమిదేళ్లు దాటాక అసలే కూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితకాలంలో ఐదు ఈతలు, అంతకు మించకూడదు. రక్తసంబంధం ఉన్నవాటిని, అంటే తల్లీకొడుకులను, అన్నాచెల్లెళ్లను, కలపకూడదు. ఆడకుక్క సుమారుగా ఆరు నెలలకొకసారి ఎదకు వస్తుంది కాబట్టి, వచ్చిన ప్రతిసారీ దానిని కట్టించేవాడు ఆ ఒక్క పనితోనే నియమం తప్పుతున్నాడని మీరు లెక్క వేసుకోవచ్చు. "మా ఆడకుక్క ఏడాదికి రెండు సార్లు పిల్లలు పెడుతుంది సార్, మీకెప్పుడు కావాలంటే అప్పుడు" అని గొప్పగా చెప్పుకొనేవారు ఉన్నారు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయండి.

నియమాలు కాగితం మీద ఉన్నంత గట్టిగా ఊరిలో అమలు కావడం లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అవి కొనేవాడి చేతిలో మంచి ఆయుధం. "మీ రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తారా?" అని మర్యాదగా ఒక్క మాట అడిగి చూడండి. నిజమైన బ్రీడర్ దానిని గోడ మీద నుంచి దించి మీ చేతికి ఇస్తాడు. లేనివాడు ముందు నవ్వుతాడు, తరువాత ధర తగ్గిస్తాడు.

ఇక పిల్లను చూడడానికి వెళ్లినప్పటి సంగతి. వెళ్లడం అంటే పిల్లలు పుట్టి పెరుగుతున్న చోటికే వెళ్లడం. సగం దారిలో పెట్రోల్ బంక్ దగ్గర కలుద్దాం, మెట్రో స్టేషన్ కింద తెచ్చి ఇస్తాను, మీకెందుకు శ్రమ, ఇంటికే పంపిస్తాను అనేవారితో మాట కలపవద్దు. చూపించడానికి ఇష్టపడని చోటులో చూడకూడనిదేదో ఉందనే అనుకోవాలి. అక్కడికి వెళ్లాక మొదట పిల్లలను కాదు, తల్లిని చూపించమనండి. తల్లి అని ఏదో ఒక ఆడకుక్కను తెచ్చి నిలబెట్టే అలవాటు కూడా కొందరికి ఉంది కాబట్టి, దాని పొట్ట కింద చూడండి. ఎనిమిది వారాలుగా ఐదారు పిల్లలకు పాలిచ్చిన కుక్క చన్నులు సాగి, వేలాడుతూ ఉంటాయి, చుట్టూ పిల్లల గోళ్ల గీతలు కనబడతాయి, జూలు పలచబడి ఉంటుంది. పొట్ట నున్నగా, చనుమొనలు చిన్నవిగా ఉన్న కుక్కను చూపించి ఇదే తల్లి అంటే, మీరు బయటికి నడవవచ్చు. తల్లి బక్కచిక్కి ఉండడం కొంతవరకు సహజమే. కానీ అది మనుషులను చూసి మూలకు నక్కుతున్నా, పళ్లు చూపి మీదికి వస్తున్నా పిల్లలను గురించి కూడా ఆలోచించాలి. స్వభావంలో కొంత పుట్టుకతో వస్తుంది, మరికొంత తల్లిని చూసి నేర్చుకొంటాయి. తండ్రి కుక్క అక్కడ లేకపోవడం మాత్రం తప్పు కాదు. మంచి బ్రీడర్లు తమ ఆడకుక్కకు తగిన మగకుక్కను వెతికి వేరే ఊరికి కూడా తీసుకువెళతారు. ఇంట్లో ఉన్న జతనే ప్రతిసారీ కలిపేవారి కంటే వారే మెరుగు.

తరువాత పిల్ల వయసు. ఎనిమిది వారాలు నిండిందని చెబితే నోరు తెరిచి చూడండి. కుక్కపిల్లకు పాలపళ్లు 28. మూడో వారం తరువాత ముందు పళ్లు, కోరలు రావడం మొదలై, ఎనిమిదో వారానికి వెనుక దంతాలతో సహా అన్నీ వచ్చేసి ఉంటాయి. బుగ్గ కొంచెం పక్కకు లాగినప్పుడు వెనుక చిగురు ఇంకా బోసిగా ఉంటే, లేదా పంటి మొన అప్పుడే పొడుచుకొస్తూ ఉంటే ఆ పిల్ల వయసు ఐదారు వారాలే. చిన్న జాతులలో కొద్దిగా ఆలస్యం కావచ్చు, కానీ మూడు వారాల తేడాకు అది సాకు కాదు. ఈ రెండు మూడు వారాల కోసం ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. తోబుట్టువులతో కొట్లాడేటప్పుడు ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్‌మంటుందో, ఎంతవరకు కొరికితే ఆట సాగుతుందో పిల్ల ఆ వారాలలోనే నేర్చుకొంటుంది. ముందే విడదీసిన పిల్ల ఆ పాఠాన్ని తరువాత మీ చేతుల మీద, మీ పిల్లల చేతుల మీద నేర్చుకొంటుంది.

ముక్కు మూయకుండా ఆ గది వాసన చూడండి. పిల్లల పాలవాసన, కొద్దిగా మూత్రపు వాసన ఉండడం సహజం. కుళ్లు వాసనతో పలచటి విరేచనం ఎక్కడ కనబడినా, అది మీరు ఎంచుకొన్న పిల్లది కాకపోయినా, ఆ రోజుకు వెనుదిరగండి. కళ్లలో పుసి, ముక్కు కారడం, దగ్గు, ఒళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉబ్బి ఉండడం, చెవుల సందుల్లో పిడుదులు, ఇవన్నీ కళ్లతో కనిపించేవే. మొదటి టీకా పడి ఉంటే కార్డు చూపిస్తారు. ఆ కార్డు మీద టీకా సీసా నుంచి ఊడదీసి అంటించిన చిన్న స్టిక్కరు, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి, పక్కన వైద్యుడి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. స్టిక్కరు లేకుండా పెన్నుతో "టీకా వేశాం" అని రాసి ఉన్న కార్డు కార్డు కాదు. నులిపురుగుల మందు రెండో వారం నుంచే మొదలు కావాలి కాబట్టి ఆ తేదీలు కూడా అడగండి.

కెన్నెల్ క్లబ్ కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా మోసపోతారు, కనుక కాసేపు ఆగుదాం. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, అంటే కేసీఐ, ఇచ్చే ధ్రువపత్రంలో పిల్ల పుట్టిన తేదీ, లింగం, రంగు, మైక్రోచిప్ నంబరు, తల్లిదండ్రులు, ఆపైన తాత ముత్తాతల పేర్లు ఉంటాయి. అది వంశవృక్షం, ఆరోగ్య పత్రం కాదు. పేరు పక్కన ఛాంపియన్ అని ఉన్నా అది ఆ కుక్క రూపాన్ని న్యాయనిర్ణేతలు మెచ్చుకొన్నారని మాత్రమే చెబుతుంది, దాని తుంటి కీళ్ల గురించి ఏమీ చెప్పదు. మరో సంగతి, కాగితం నిజమైనదే అయినా మీ చేతిలోని పిల్లది కాకపోవచ్చు. మైక్రోచిప్‌లో 15 అంకెల నంబరు ఉంటుంది. స్కానరు పెట్టి చదివించి, కాగితం మీది నంబరుతో అంకె అంకె సరిచూసుకోండి. "కాగితాలతో అయితే ఒక ధర, లేకుండా అయితే ఒక ధర" అని రెండు రేట్లు చెప్పేవారు ఉంటారు. ఒకే ఈత పిల్లలకు రిజిస్ట్రేషన్ రుసుము పోను అంత తేడా ఎందుకు వస్తుందో వారినే వివరించమనండి. చాలాసార్లు వివరణ ఉండదు.

ఆరోగ్యం తెలిసేది పరీక్షలతోనే. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ వంటి పెద్ద జాతులలో తుంటి కీలు సరిగా అమరకపోవడం వంశంలో వచ్చే జబ్బు. ఎనిమిది వారాల పిల్లలో దానిని కంటితో పట్టుకోలేము. తల్లిదండ్రుల ఎక్స్‌రేలే మనకున్న ఆధారం. అమెరికాలో ఈ ఎక్స్‌రేలకు గ్రేడు ఇచ్చే సంస్థ కుక్కకు రెండేళ్లు నిండితే గాని తుది ధ్రువపత్రం ఇవ్వదు. మన నియమం 18 నెలలకే క్రాసింగ్‌ను అనుమతిస్తోంది, కనుక చట్టం ఒప్పుకొన్నా రెండేళ్లు ఆగి, ఎక్స్‌రే తీయించి, ఆ తరువాతే కట్టించే బ్రీడరు దొరికితే అతడిని వదలవద్దు. లాబ్రడార్‌లలో క్రమంగా చూపు పోయే జబ్బుకు రక్తంతోనో నోటి లాలాజలంతోనో డీఎన్ఏ పరీక్ష ఉంది. డాల్మేషన్లలో పుట్టు చెవుడు ఎక్కువ. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జు వంటి అణిగిన ముక్కు కుక్కల సంగతి వేరు. "పంచ్ ఫేస్" అని ముఖం ఎంత చదునుగా ఉంటే అంత ధర పలికే ఈ జాతులలో, ఆ ధర పెంచే లక్షణమే వాటికి ఊపిరి ఆడనివ్వదు. ఆ పిల్లను కొనదలిస్తే, తల్లిని ఒక పది నిమిషాలు నడిపించి దాని శ్వాస వినండి. గురక పెడుతూ, నాలుక చాచి ఆగిపోతే ఇక పిల్లను చూడనక్కరలేదు.

ఇక్కడే మన ఊరి ఎండల మాట కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో సైబీరియన్ హస్కీని ఐదో అంతస్తు ఫ్లాట్‌లో పెట్టుకోవడం నా దృష్టిలో ముచ్చట కాదు, ఏసీ బిల్లు కట్టగలిగినా సరే. కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నం చాలు. రాట్‌వీలర్, పిట్‌బుల్ వంటి 23 జాతుల అమ్మకం, బ్రీడింగ్ ఆపాలంటూ 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది, మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ జాతులు కావాలనుకొనేవారు కొనేనాటికి నియమం ఎలా ఉందో కనుక్కొని మరీ ముందుకు వెళ్లాలి.

మంచి బ్రీడర్‌ను గుర్తించడానికి తేలిక దారి ఒకటుంది: అతడు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు వేస్తాడో చూడండి. మీ ఇల్లు ఎంత, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకుముందు కుక్కను పెంచారా, అది ఏమైంది, ఊరికి వెళితే ఎవరు చూస్తారు అని అడుగుతాడు. ఒక్కొక్కసారి పిల్లచూపులకు వెళ్లినట్టు మనకే ఇబ్బందిగా ఉంటుంది. అటువంటివాడు ఒకటి, మహా అయితే రెండు జాతులే పెంచుతాడు, ఎప్పుడూ పిల్లలు సిద్ధంగా ఉండవు, పేరు రాసుకొని ఆగమంటాడు. మీరు పెంచలేని పరిస్థితి వస్తే కుక్కను నాకే తిరిగి ఇవ్వండి, వేరేవారికి అమ్మవద్దు అని రాయించుకొంటాడు. పది జాతులు ఒకేచోట, ఏ రోజు వెళ్లినా పిల్లలు సిద్ధం, డబ్బు తప్ప వేరే ప్రశ్న లేదు అంటే అది తయారీ కేంద్రం, అంతే.

డబ్బు విషయం క్లుప్తంగా. బిల్లు తీసుకోండి, దాని మీద మైక్రోచిప్ నంబరు రాయించండి, కొన్న రెండు మూడు రోజులలోపు మీ వైద్యుడు పరీక్షించి జబ్బు అని తేలిస్తే ఏం చేస్తారో రాతలో పెట్టించండి. చూడని పిల్లకు యూపీఐలో అడ్వాన్సు పంపవద్దు. అందమైన ఫోటో, సగం ధర, తరువాత రవాణా ఖర్చు, ఆపైన విమానాశ్రయంలో ఏదో క్లియరెన్సు, ఇంకొంచెం బీమా అని వరుసగా డబ్బు పిండి, చివరికి ఫోను ఆపేసేవారి కథలు వినీవినీ విసుగొచ్చింది. అక్కడ కుక్కే ఉండదు.

విదేశీ జాతే కావాలన్న పట్టు లేనివారికి మన దేశపు జాతులు ఉన్నాయి. కర్ణాటకలో ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే శునక పరిశోధన కేంద్రం ముధోల్ హౌండ్లను పెంచుతోంది. అది పరుగు కుక్క, ఫ్లాట్‌లో కట్టేసే కుక్క కాదని మాత్రం మరవవద్దు. జాతి పట్టింపే లేకపోతే బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థల దగ్గర దత్తతకు వీధికుక్కల పిల్లలు ఉంటాయి, యజమానులు వదిలేసిన జాతి కుక్కలు కూడా ఒక్కొక్కసారి దొరుకుతాయి. వాటిని చూసి రావడానికి ఖర్చేమీ లేదు.

[ఈ దశలో సభలో ఒక గృహిణి, "ఇన్ని చూసుకుంటూ పోతే మాకు కుక్క దొరికేది ఎప్పుడు డాక్టరుగారూ?" అని అడిగారు.]

మంచి ప్రశ్న అమ్మా. ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. పదేళ్లకు పైగా మీ ఇంట్లో ఉండే ప్రాణి కోసం అది ఎక్కువ కాలం కాదు. ముందు మీ వీధిలో ఆ జాతి కుక్క ఆరోగ్యంగా, నిమ్మళంగా ఉన్నవారిని ఎక్కడ తెచ్చారో అడగండి. మీకు దగ్గరలోని పశువైద్యుడిని అడగండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికైనా, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకైనా వెళితే, ఏ జాతికి ఏ జబ్బులు వస్తున్నాయో రోజూ చూసేవారు ఉంటారు. కేసీఐ అనుబంధ క్లబ్బులు నగరంలో డాగ్ షోలు పెట్టినప్పుడు పోటీ అయిపోయేదాకా ఆగి, కుక్కలను తెచ్చినవారితో తీరికగా మాట్లాడండి. అక్కడికక్కడే కొనమని కాదు, ఎవరి ఇంటికి వెళ్లి చూడాలో తెలుసుకోవడానికి. ఇద్దరు ముగ్గురి దగ్గర పేరు రాయించుకోండి. పిల్ల చేతికి వచ్చే తేదీ ఖాయమైతే ముందురోజే మీ వైద్యుడికి ఫోన్ చేసి సమయం తీసుకోండి, ఆ రోజు దారిలో ఎక్కడా కిందికి దించకుండా, ఇంటికి వెళ్లేముందే నేరుగా అక్కడికి తీసుకువెళ్లండి. టీకా కార్డు, బిల్లు వెంట ఉంచుకోండి.